నెత్తళ్ళ మీద ట్రాక్టరు

బేబీ అన్న పేరు విని చంటిపిల్ల అనుకునేరు. యాభై దాటిన మనిషి. ఛత్రపురం దగ్గరి ఆ సముద్రపు పల్లెలో ఎండుచేపలమ్మే ఆడవాళ్ళలో ఆవిడ నోటికి ఎదురు లేదు. పగకి అసలే లేదు.

అప్పట్లో సర్పంచి నాగరాజు. ఒడ్డున చేపలెండబెడితే షికారుకొచ్చే జనానికి కంపు కొడుతోందని, ఎండబెట్టడమే కూడదని ఇంట్లో కూర్చుని తీర్మానం రాసేశాడు. ఊరంతా కూర్చోవలసిన పల్లీసభ పెట్టలేదు, ఎవర్నీ అడగలేదు. మర్నాడే బేబీ ఎండకి పరిచిన నెత్తళ్ళ మీద, ఆ చిన్నచేపల మీద, ట్రాక్టరు ఎక్కించాడు. అడ్డం వెళ్ళిన బేబీతో, "సర్పంచిని నేను. నా మాటే సట్టం. ఎల్లవే!" అన్నాడు.

నుజ్జయిన నెత్తళ్ళు గుప్పెడు ఏరి, గుడ్డలో మూటగట్టి ఇంటి చూరుకి వేలాడదీసింది బేబీ. మొగుడు కంపని మొత్తుకున్నా తియ్యలేదు.

"ఆ మాట ఆడి నోటితోనే ఆడు మింగినదాకా అదక్కడే ఉంటాది" అంది.

బరంపురం లాయరు అపర్ణ బేబీ తరఫున కేసు వేసింది. బతుకుతెరువు రాజ్యాంగం కాపాడే హక్కనీ, పంచాయతీకి చట్టం ఇచ్చినంతే అధికారమనీ, ఎదుటివాళ్ళ మాట వినకుండా చేసిన తీర్మానం చెల్లదనీ చెప్పి కోర్టు నాగరాజు తీర్మానాన్ని కొట్టేసింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా సంబరపడ్డారు. బేబీ మాత్రం నవ్వలేదు.

"తీర్మానం పోయింది సరే. ఆడికేటయ్యింది?"

తర్వాతి ఎన్నికల్లో సర్పంచి పదవి ఆడవాళ్ళకి రిజర్వు అయింది. బేబీ నిలబడి గెలిచింది. పదవి పోయిన నాగరాజు సిగ్గూ ఎగ్గూ లేకుండా అదే ఒడ్డున రొయ్యలెండబెట్టడం మొదలెట్టాడు. బేబీ కళ్ళు చల్లబడే రోజొచ్చింది. పంచాయతీ కార్యదర్శి వైకుంఠరావుని పిలిచింది.

"రాయి. నాగరాజు ఇంటోలు ఒడ్డున ఏదీ ఎండబెట్టకూడదు."

"ఒక్క ఇంటి మీద తీర్మానమేటి అప్పా? ముందు నోటీసియ్యాల, సభ పెట్టాల, ఆడి మాట ఇనాల. అప్పుడైనా కోర్టులో నిలబడదు."

"ఆడు నా మాట ఇన్నాడేటి?"

"ఇననేదనే కదా కేసు నువ్వు గెలిసినావు!"

బేబీ కడుపు మండిపోయింది. తాను పోరాడి తెచ్చుకున్న తీర్పే తన చేతులు కట్టేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. చూరుకున్న మూటకేసి చూస్తూ కూర్చుంది. తెల్లారి వైకుంఠరావు ఇంటికెళ్ళింది.

"నోటీసియ్యి. తీర్మానం ఓటుకి పెట్టన్లే. ఆడి మాటే ఇందాం."

పల్లీసభకి ఊరంతా వచ్చింది. బేబీ మూటని తెచ్చి బల్ల మీద పెట్టింది. ముందు వరసవాళ్ళు ముక్కు మూసుకున్నారు.

"నాగరాజా, నీ మీద తీర్మానం పెట్టకూడదంటే ఎందుకో సెప్పు."

నాగరాజు లేచాడు. మూటని చూశాడు. ఎంత వెతికినా వాడికి దొరికిన జవాబు ఒక్కటే. అది బేబీ గెలిచిన తీర్పులోదే.

"అలాటి తీర్మానం సెయ్యడానికి... సర్పంచికి అధికారం నేదు."

"అంటే?"

వాడు తల దించుకున్నాడు. "సర్పంచి మాట సట్టం కాదు, అప్పా."

బేబీ కుర్చీలో వెనక్కి వాలింది. ఇన్నేళ్ళకి గుండెలో మంట చల్లబడుతుంటే కళ్ళు మూసుకుని ఆ మాటని మరోసారి వినాలనిపించింది.

"ఇంకోపాలి సెప్పు నాగరాజా. ఎనకున్నోలకి ఇనబడనేదు."