మా వీధి ఇళ్ళని నేనే కొలిపించాను

పోయిన వారం మా వీధిలో ఏం జరిగిందో వింటారా? చెప్తాను గానీ ముందు ఒక మాట ఇవ్వండి. నవ్వితే ఇక్కడే నవ్వేయండి. మా రమణమ్మప్ప దగ్గర మాత్రం ఈ టాపిక్ ఎత్తొద్దు. ఆవిడ ఇంకా చల్లారలేదు.

మాది సాలూరు. ఇంటి ముందు గదిలో మూడు కుట్టుమిషన్లు, గుమ్మం మీద "గౌరి లేడీస్ టైలర్స్" అని బోర్డు. మా ఆయన పైడిరాజు లారీ మీద రాయపూర్ లైన్లో తిరుగుతుంటాడు. నెలలో సగం రోజులు ఇంట్లో నేనూ, మా అత్తగారు సన్యాసమ్మానే. టైలరింగ్ ఒక్కటే కాదు, వీధిలో ఎవరికి ఫోన్లో పని పడినా నా దగ్గరికే వస్తారు. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, రేషన్ కార్డు స్టేటస్... జాకెట్టు కొలతలిస్తూ ఫోను కూడా నా చేతిలో పెట్టేస్తారు. "గౌరి సూసిందంటే మరి తిరుగు నేదు" అని మంచి పేరు. ఆ పేరే నన్ను ముంచింది!

ఆ రోజు ఇంటిపన్ను నోటీసులు వచ్చాయి. అందరూ ఏం చేస్తారు? కింద ఉన్న అంకె చూసి, ఒకసారి నిట్టూర్చి, గోడ మేకుకి గుచ్చేస్తారు. నేను అలా కాదు. చదివేదాన్ని! ఫోన్లో మున్సిపాలిటీ వెబ్‌సైట్ తెరిచి, నోటీసు మీదున్న మా ఇంటి అసెస్‌మెంట్ నంబరు, అంటే పన్ను నంబరు, కొట్టాను. చక్కగా రికార్డు వచ్చేసింది. ఓనరు పేరు, డోర్ నంబరు, ఎన్ని అంతస్తులు, ఎంత కొలత, శ్లాబా రేకులా, కాపురమా వ్యాపారమా... అన్నీ ఉన్నాయి. పేరు కరెక్టు, డోర్ నంబరు కరెక్టు. ఇంకేం కావాలి? మిగతావి ఎవరు చదువుతారండీ!

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఆ వెబ్‌సైట్లో ఓనరు పేరు కొట్టినా రికార్డు వస్తుంది. ఊరికే, చెయ్యి దురద కొద్దీ, మా ఎదురింటి సింహాచలం మావ పేరు కొట్టాను.

సింహాచలం మావంటే బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నీలం రంగు డాబా, పైన ఇంకో అంతస్తు, దానికి బాల్కనీ, బాల్కనీకి స్టీలు రెయిలింగు. మా వీధికంతటికీ అదే పెద్ద ఇల్లు. మరి రికార్డులో ఏముంది? కింద అంతస్తు ఒక్కటే! పైది లేదు! మేడ మొత్తం మాయం!

"ఓలమ్మో!" అని అరిచాను. మిషన్ దగ్గర కూర్చుని గుండీలు కుడుతున్న మా అత్తగారు ఉలిక్కిపడ్డారు.

"ఏటే? సూది గుచ్చుకున్నాదేటి?"

"మావ మేడ లెక్కలో లేదత్తా!"

"కళ్ళు కనబడతన్నాయా నీకు? ఎదురుగా ఉన్నాది కదే మేడ!"

"ఇంట్లో ఉంది. రికార్డులో లేదు."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం అంతా అర్థమైపోయింది. పన్ను ఎగ్గొట్టడానికి మేడని దాచేశాడు! రోజూ పొద్దున్నే ఆ బాల్కనీలో నిలబడి "గౌరీ, టీ అయినాదేటమ్మా?" అని పలకరించే పెద్దమనిషి, ఇంత పని చేస్తాడా!

ముందు మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఒసే, ఆల జోలి మనకెందుకే? వొగ్గీ."

"అన్యాయం కదా!"

"నాను లోడు దింపుతన్నాను. రేపు మాటాడతాను. అప్పటిదాకా నువ్వు ఎవులితోటీ ఏటీ మాటాడకు."

మాట్లాడొద్దన్నాడు. కాగితం రాయొద్దనలేదు కదా!

రాసే ముందు ఒక్క రమణమ్మప్పకి చెప్పాను. మా ఇంటికి మూడో ఇల్లు ఆవిడది, పొద్దున్న పూట ఇంట్లోనే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఒక్క రమణమ్మప్పకే చెప్పానండీ, ఒట్టు. మధ్యాహ్నానికి పదకొండు మంది మా గుమ్మంలో ఉన్నారు. "పెద్దోల మేడలకి లెక్కనేదు, మన పెంకుటిల్లులకి లెక్కా?" అని ఒకళ్ళు. "గౌరీ, నువ్వు రాయి, మేం సంతకాలెట్టీస్తాం" అని ఇంకొకళ్ళు. అంత మంది నా ముఖం కేసి అలా చూస్తుంటే, మీరైతే ఆగుతారా?

జాకెట్లు పక్కన పడేసి కూర్చున్నాను. ఏం రాశాననుకున్నారు! "మా వీధిలో కొందరు గృహస్థులు తమ కట్టడములను దాచి..." అలా మొదలెట్టాను. సింహాచలం మావ పేరూ, డోర్ నంబరూ రాశాను. ఆయన ఒక్కడి మీదే రాస్తే పగ పట్టినట్టుంటుందని, చివర్లో ఒక గొప్ప వాక్యం కలిపాను. "కావున మా వీధిలోని గృహములన్నింటినీ, ఎటువంటి మినహాయింపు లేకుండా, స్వయముగా కొలిచి నిజము తేల్చవలసినదిగా ప్రార్థన." చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు. రమణమ్మప్ప మొదటి సంతకం చేసింది. "నా పేరు కనబడాల" అని కొంచెం పెద్దగానే చేసింది.

కాగితం పట్టుకుని బయల్దేరుతుంటే ఎదురుగా సింహాచలం మావ.

"ఏటమ్మా గౌరీ, ఇంత ఎండలో ఎటెల్తన్నావు?"

"ఒక నిజం తేల్చడానికి మావా!"

"మంచిదమ్మా. గొడుగట్టుకెల్లు."

గొడుగు ఆయనే తెచ్చి ఇచ్చాడు. ఆయన మీద కంప్లయింట్ ఇవ్వడానికి ఆయన గొడుగు వేసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళిన మనిషిని నేను!

ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ మేడమ్ కాగితం రెండుసార్లు చదివింది. నన్నొకసారి చూసింది.

"మీ ఇంటి రికార్డు చూసుకున్నారా అమ్మా?"

"మాది పక్కా మేడమ్! మొదట మాదే చూశాను."

"వీధి మొత్తం కొలవమంటున్నారు. అందరికీ ఇష్టమేనా?"

"పదకొండు సంతకాలు ఉన్నాయి కదండీ!"

మేడమ్ కాగితం మీద ముద్ర కొట్టింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అప్పుడు తెలియలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న తొమ్మిదికల్లా మేడమ్ వచ్చేసింది. వెంట ఇద్దరు మనుషులు, చేతిలో పెద్ద టేపు. పెళ్ళికొచ్చినట్టు జనం పోగయ్యారు. నేను మంచి చీర కట్టుకుని ముందు నిలబడ్డాను. సింహాచలం మావ బయటికొచ్చి, "రండి రండి, కూకోండి" అని కుర్చీలు వేశాడు. ఆయన భార్య వరాలత్త టీ తెచ్చింది. భయం లేదు, కంగారు లేదు. 'ఎంత ధైర్యం!' అనుకున్నాను.

మేడమ్ అడగ్గానే మావ ఒక ప్లాస్టిక్ ఫైలు తీశాడు. అందులోంచి రెండు నోటీసులు తీశాడు. ఒకటి కాదండీ, రెండు!

"కింద ఇల్లు నా పేరున ఉన్నాదండి. పైది మా ఆవిడ పేరున కట్టించినాం. దాని నంబరు వేరే."

మేడమ్ ట్యాబ్‌లో రెండో నంబరు కొట్టింది. మేడ వచ్చింది. బాల్కనీతో సహా వచ్చింది. టేపు పెట్టి కొలిస్తే అంగుళం తేడా లేదు.

మేడమ్ నా వైపు తిరిగి, "ఒక ఇంటికి రెండు అసెస్‌మెంట్లు ఉండొచ్చమ్మా. మీరు ఒక పేరే వెతికారు" అంది.

నా వెనక పదకొండు మందీ ఒక్కసారిగా నేల చూపులు. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. అయినా తేరుకుని నవ్వు తెచ్చిపెట్టుకున్నాను. "అయితే అంతా సరిపోయిందన్నమాట! చాలా సంతోషం మేడమ్. పాపం ఎండలో వచ్చారు, ఇంక బయల్దేరతారా?"

"అదేమిటమ్మా? మినహాయింపు లేకుండా అన్ని ఇళ్ళూ కొలవమని మీరే రాశారు కదా. పదండి, మీ ఇంటితోనే మొదలుపెడదాం."

అప్పుడండీ, సరిగ్గా ఆ క్షణంలో, మా ఇంటి రికార్డులో నేను చదవకుండా వదిలేసిన లైన్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. 'కింద అంతస్తు. రెండు గదులు. కాపురం.' అంతే ఉంది అందులో! మరి మూడేళ్ళ కింద మేడ మీద వేసిన గది? వెనకాల రేకుల షెడ్డు? ముందు గదిలో మిషన్లు? గుమ్మం మీద అంత పెద్ద బోర్డు?

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి ఏదో చెప్పబోతున్నాను. ఇంతలో మా అత్తగారు ఎదురొచ్చేశారు. ఆఫీసర్లు ఇల్లు చూడ్డానికొచ్చారని ఆవిడకి ఎవరో చెప్పారు. ఇంక చూడండి ఆ సంబరం!

"రామ్మా, లోనికి రా! ఇదిగో, ఇది మా కోడలి కొట్టు. పండగలొస్తే కుట్టనేక సస్తాది, అంత బేరం!"

"అత్తా..."

"నువ్వుండే! మేడ మీదకి రా అమ్మా, మా గుంటడు కట్టించినాడు గది. మూడేళ్ళయినాది. బాత్రూం కూడా గదిలోనే ఉన్నాది. గోడలో బీరువాలు సూడు, తలుపు తీసి సూడు! ఎనకాల షెడ్డు ఒగ్గీకండి, అదీ మందే!"

మేడమ్ వెనక టేపు, టేపు వెనక నేను, నా వెనక వీధి. మా అత్తగారు నీళ్ళ ట్యాంకు కూడా చూపించారు. నేను కళ్ళతో సైగలు చేస్తే, "ఏటే, కంట్లో నలకడ్డాదా?" అని అందరిలో అడిగారు.

మా ఇల్లయ్యేసరికి వీధిలో చూడాలి హడావిడి! ఒకాయన నిచ్చెనేసి "జిరాక్స్" బోర్డు విప్పుతున్నాడు. ఒకళ్ళు మేడ మీది గదికి తాళం వేసి, "అది గది కాదండి, మెట్ల మీద మూత" అంటున్నారు. రమణమ్మప్ప గ్రైండర్ మీద దుప్పటి కప్పి దాని మీద కూర్చుంది.

"ఇక్కడ హోటలు నడుస్తోందా అమ్మా?" మేడమ్ అడిగింది.

"నేదండి! మా ఇంట్లోకే ఏసుకుంటన్నాం."

"ఎంత మంది ఉంటారు ఇంట్లో?"

"నానూ, మా ఆయనా."

ఎదురుగా బల్ల మీద నాలుగు రేకుల ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. అంతలో రోజూ వచ్చే ఒకతను సైకిలు దిగి, "అప్పా, రెండు ప్లేట్లు పార్సిల్!" అన్నాడు. రమణమ్మప్ప అతన్ని చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆ సాయంత్రం నుంచి మా గుమ్మం ఖాళీ. ఫోను తెచ్చేవాళ్ళు లేరు, జాకెట్టు తెచ్చేవాళ్ళూ లేరు. కుట్టిన జాకెట్లు కూడా చిన్నపిల్లల్ని పంపించి తెప్పించుకున్నారు. మా ఆయన ఫోన్ చేస్తే మొత్తం చెప్పాను. అటు నుంచి ఏదో గురగుర వినిపించింది. "ఏటి, లైన్లో ఉన్నావా?" అంటే, "ఉన్నాను. నవ్వు ఆగట్నేదు" అన్నాడు.

మర్నాడు తలుపు తట్టింది ఎవరనుకున్నారు? సింహాచలం మావే! కళ్ళజోడు, ఆ ప్లాస్టిక్ ఫైలు. గొడుగు కోసం వచ్చాడనుకుని తెచ్చి ఇచ్చాను. ఇస్తుంటే ఏడుపొచ్చేసింది.

"తప్పయిపోయింది మావా. ఒక్కమాట మిమ్మల్ని అడిగుంటే సరిపోయేది."

"అడగాల్సిందే. నా మీద నువ్వు రాసిన కాగితం మేడమ్ సూపించినాది" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని, "రాత బాగున్నాదమ్మా" అన్నాడు.

నేను ఏడుస్తూనే నవ్వేశాను. ఆయన కూర్చుని, ముందురోజు మేడమ్ మా ఇల్లు కొలిచి రాసిచ్చిన కాగితం అడిగాడు. ఒక్కో లైను మీదా వేలు పెట్టి చదివించాడు. "ఇది సూడు. ఎనకాల షెడ్డు రేకులది. ఇందులో శ్లాబు అని ఉన్నాది. నిన్న మీ అత్త మేడా, షెడ్డూ కలిపి సెప్పీసినాది కదా, ఆలు అలగే రాసుకున్నారు. రేపెల్లి సెప్పు, మార్చేస్తారు. కొట్టు ఉన్న గది వరకే యాపారం, మిగతాది కాపురం. అది కూడా సరిగా రాయించుకో."

మర్నాడు నేను వెళ్ళాను. మేడమ్ వెంటనే మార్చేసింది. ఆ ధైర్యంతో, మావని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరి కాగితాలూ చదివి పెట్టాను, తేడా ఉన్నవాళ్ళవి దిద్దించాను. ఈసారి చివరి లైను దాకా చదివానండోయ్! వీధి కొద్దికొద్దిగా మెత్తబడింది. జాకెట్లు రావడం మొదలైంది. రమణమ్మప్ప ఒక్కతే ఇంకా నాతో చట్నీ లేకుండా మాట్లాడుతోంది.

హమ్మయ్య అనుకుంటుండగా నిన్న ఫోన్ మోగింది. మున్సిపల్ ఆఫీసు నుంచి, మేడమే.

"గౌరి గారేనా? మీ పిటిషన్ వల్ల మీ వీధి మొత్తం రికార్డు సరి అయిందండీ! మా కమిషనర్ గారు కూడా మెచ్చుకున్నారు. మీ వెనక వీధి మీద కూడా ఏదైనా అనుమానం ఉందా? ఉంటే ఒక కాగితం రాసివ్వండి. రేపే టేపు పట్టుకుని వచ్చేస్తాం."

గొంతు మార్చి, ముసలిదానిలా, "గౌరి నేదమ్మా. ఊరొగ్గి ఎలిపోనాది. నాను ఆలత్తని" అన్నాను.

అప్పుడే వంటింట్లోంచి మా అత్తగారు కేక పెట్టారు. "ఒసే గౌరీ! ఎవులే ఫోన్లో? మొన్నటి మేడమేనా? కొత్తగా నుయ్యి తవ్వించినాం, వచ్చి సూడమను!"