బొత్తం ఉన్న మైకు

ఊరందరి గోడూ వినడమే ఆవిడ ఉద్యోగం. బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగంలో, ఇంటినుంచే, రోజంతా వీడియో కాల్స్. పక్కగదిలో మంచం పట్టిన తల్లి పిలిచినప్పుడల్లా మైకు మీది మ్యూట్ బొత్తం నొక్కి, "వస్తున్నానమ్మా" అనేది. అనడమే గాని, కాల్ మధ్యలో లేచి వెళ్లింది ఏనాడూ లేదు. తల్లి పోయిన నెలకి మైకు పాడైంది. దుకాణదారు అరచేతిలో ఇమిడే యూఎస్‌బీ మైకు చూపించాడు. "పక్కగదిలో ఎవరు పిలిచినా ఇది అవతలికి వినపడనివ్వదు మేడం. బొత్తంతో పనే లేదు." ఆవిడ మొహం తిప్పుకుని, "బొత్తం ఉన్నదే ఇవ్వండి" అంది.

మర్నాడు ఓ పెద్దాయన ఫిర్యాదు వింటుండగా వేలు దానంతటదే బొత్తం నొక్కింది. "వస్తున్నానమ్మా" అంటూ ఈసారి లేచి వెళ్లింది. పరుపు చుట్టేసిన మంచం పక్కన నిలబడిపోయింది. ఇవతలి గదిలో, తెర మీద పెద్దాయన అడుగుతూనే ఉన్నాడు: "అమ్మా, వినపడుతోందా?"