బండగోడకు చేయి చాచినంత దూరం

గన్‌మన్ డ్యూటీ ఆడపిల్ల చేసే పనేనా అని మా ఊళ్లో ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చేస్తున్నాను కదా, కనపడటం లేదా అంటాను. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్‌ని. ఒక నాయకురాలి వెంట నడుముకు పిస్టల్ పెట్టుకుని తిరగడం నా ఉద్యోగం. ఏటా ఫైరింగ్ పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే గన్‌మన్ డ్యూటీ తీసేసి గేటు దగ్గర కాపలాకి వేస్తారు.

ఎర్రగుంట్ల అవతల గుట్ట కింద మేం కాల్పులు సాధన చేసే రేంజి. బయట నిలబడి కాల్చమంటే నాకు ఇబ్బంది లేదు. నా పీకలమీదికి వచ్చేది బారికేడ్. మనిషెత్తు చెక్క తడిక పాతి ఉంటారు. దాని చాటు నుంచి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, మోకాలి మీద కూర్చుని ఒకసారి కాల్చాలి. వినడానికి తేలికే. పిస్టల్‌ని చెక్కకు ఆనించకూడదు, ఆనిస్తే పైన కదిలే స్లయిడ్ చెక్కకు తగిలి తూటా ఇరుక్కుంటుంది. మోచేయి బయటికి రాకూడదు. నడుము దగ్గర వంగి, గురి కనపడేంత మేరకే ఒక కన్ను బయట పెట్టాలి. ఎడమవైపు నుంచి కుడిచేత్తో కాలిస్తే సగం ఒళ్లు అవతలివాడికి చూపించినట్టే, అందుకని పిస్టల్‌ని ఎడమచేతికి మార్చుకోవాలి. వీటన్నిటికంటే ముందు, తడికకు చేయి చాచినంత దూరంలో నిలబడాలి.

ఆ దూరమే నాకు కుదిరేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా పోయి తడికకు అతుక్కునేదాన్ని. మా ఇన్‌స్ట్రక్టర్ సారుకు వయసు పైబడింది, నోరు ఊరికే ఉండదు. "ఏం పాపా, తడికకు సున్నం కొడ్తాండావా?" అనేవాడు. వెనక నిలబడ్డ మగవాళ్లు నవ్వేవాళ్లు. నాకు కాలిపోయేది. మళ్లీ పోయి అక్కడే అతుక్కునేదాన్ని.

తప్పు నాది కాదు, నా పెంపకానిది. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఇళ్లకు, దొడ్లకు, దారులకు అన్నిటికీ నాపబండల గోడలే. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకునే రోజుల్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పింది ఒకటే: చప్పుడు వినపడితే బండగోడకు అతుక్కోండి, మధ్యలో గాలి కూడా దూరకూడదు. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఆ చదువు ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది?

మా నాయన కూడా అట్లా అతుక్కునే నిలబడ్డాడట. ఊరి పెద్దాయన వర్గంలో తిరిగేవాడు. ఒకరోజు పెద్దాయన ఇంటి సందు మొదట్లో, మా దొడ్డి గోడకు చెంప ఆనించి, గోడ అంచు పక్కనుంచి తొంగి చూస్తూ కాపలా కాస్తున్నాడు. అవతలివాళ్లు తుపాకీ కాల్చారు. రెండు కళ్లూ పోయాయి. ఆసుపత్రిలో ఆయన మొహంలోంచి తీసినవన్నీ రాతి పెచ్చులే, గుండు ఎక్కడా తగల్లేదు. నేనప్పుడు ఉయ్యాలలో ఉన్నాను.

ఇదంతా నాకు చెప్పింది నాయనే. ఆయన చెప్పే కథ చివర్లో ఎప్పుడూ అమ్మ ఉండేది. వెనక నుంచి, ఇంట్లోంచి, లోపలికి రమ్మని అమ్మ పిలిచిందట. ఆ పిలుపుకు తల తిప్పి, అవతలివాళ్లను చూడలేకపోయాడట. అప్పుడే గుండు వచ్చిందట. కూరలో ఉప్పెక్కువైనా, మంచం అడ్డం వచ్చి కాలికి తగిలినా, "నువ్వు పిలవకపోతే నా కండ్లు నాకుండేటివి" అనేవాడు. అమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆమె ఇంట్లో ఉండటంతో ఏమీ చూడలేదు. చప్పుడు ముందో తన పిలుపు ముందో ఆమెకు తెలియదు. తనవల్లే అనుకుని, ఆ మాట పడుతూ నన్ను పెంచింది.

నాతో విసిగిపోయి సారు ఒకరోజు క్వారీ దగ్గర పడేసిన నాపబండ తెప్పించి నిలబెట్టించాడు. దాని వెనక రెండు అట్ట బొమ్మలు, ఒకటి బండకు ఆనించి, రెండోది చేయి చాచినంత దూరంలో. మమ్మల్నందరినీ బాగా వెనక్కి పంపి, దూరం నుంచి బండ అంచుకు ఒక తూటా కాల్చాడు. పోయి చూశాం. దూరంగా ఉన్న బొమ్మకు ఒకటి రెండు గీతలు, అంతే. ఆనించిన బొమ్మ మొహమంతా పెచ్చులు గుచ్చుకుని ఉన్నాయి.

"గుండు గోడకు తగిల్నాంక గోడెంబడే వస్తాది పాపా, పెచ్చులు కూడా దాంతోనే. దూరంగా నిలబడు" అన్నాడు సారు.

నేను ఆయన మాట వినడం లేదు. బొమ్మనే చూస్తున్నాను. పెచ్చులన్నీ అంచు వైపు తిరిగిన భాగంలోనే దిగాయి. నుదురు, కళ్లు, పైచెంప. అట్ట వెనకవైపు ఒక్క గాటు లేదు. మా నాయన మొహం నాకు తెలియనిదా? చిన్నప్పుడు ఆ మచ్చల మీద వేలు పెట్టి ఆడుకున్నాను. నుదుట ఉన్నాయి, కళ్ల చుట్టూ ఉన్నాయి. చెవి వెనక లేవు, మెడ వెనక లేవు. వెనక నుంచి వచ్చిన పిలుపుకు తల తిప్పినవాడికి వెనకవైపు కదా తగలాలి?

ఆ పూట పరీక్షలో తడికకు దూరంగా నిలబడి కాల్చి పాసయ్యాను. సారు భుజం తట్టాడు. సంతోషం మాత్రం రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చాను. అమ్మానాయన ఇప్పుడు ఎర్రగుంట్లలో నా దగ్గరే ఉంటారు. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అమ్మ లోపల సంగటి కెలుకుతోంది. చెప్పులు కూడా విడవకుండా ఆయన ముందు కూర్చుని బొమ్మ సంగతి చెప్పాను. మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయన వేలు పట్టుకుని ఆయనకే చూపించాను. నువ్వు తల తిప్పలేదు నాయనా, అమ్మ పిలుపు వల్ల కాదు అన్నాను. ఇన్నేళ్ల పొరపాటు ఇవాళ్టితో తీరిపోతుందని ఎంత ఆశపడ్డానో.

నాయన నా చేతిలోంచి వేలు విడిపించుకున్నాడు.

"నాకు తెలుసులేమ్మా" అన్నాడు. "మీయమ్మ పిల్చింది దెబ్బ తగిల్నాంక."

నాకు ఒళ్లు మండింది. మరి ఇన్నేళ్లూ ఆమెనెందుకు అన్నావని గట్టిగానే అడిగాను.

"పెద్దాయన కోసం నిలబడి కండ్లు పోగొట్టుకున్న్యా అని పోయి పెద్దాయన్ను అనగల్నా? అంటే మాత్రం ఎవురు ఇంటారు? మీయమ్మయితే ఇంటాది."

అమ్మ అప్పటికే గడపలోకి వచ్చి నిలబడి ఉంది. మొత్తం వింది. లోపలికి పోయి సంగటి దించింది. ముద్ద చేసి తన కంచంలో పెట్టుకుంది, పప్పు పోసుకుంది, తెచ్చుకుని మా ఎదుటే కూర్చుని తినడం మొదలుపెట్టింది. నాయన తినకముందు ఆమె తినడం నేను చూడటం అదే మొదటిసారి. కంచం చప్పుడు తనకే అనుకుని నాయన చెయ్యి చాచి నేల తడిమాడు. అమ్మ తింటూనే ఉంది. నేనూ లేవలేదు.