కండె చేతులు మారేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో మెల్లగా మాట్లాడడం ఎవరికీ చేతకాదు. సూరత్‌లో, నవాగామ్ దగ్గర మేముండే గల్లీ నిండా సాంచెలే, అంటే కరెంటు మగ్గాలు. వాటి టకటకలో పెరిగినదాన్ని గనక నా తిండీ నడకా అన్నీ ఆ వేగంలోనే సాగేవి. ఈత కూడా అలాగే మొదలుపెట్టాను.

పదకొండేళ్లప్పుడు మున్సిపాలిటీ వారి ఈతకొలనులో చేరాను. ఫ్రీస్టైల్‌లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆగకుండా చేరితేనే పెద్ద పిల్లల్లో కలుపుతామని, లేకపోతే చంటిపిల్లలతోనే ఉండాలని అక్కడి గుజరాతీ టీచరమ్మ తేల్చి చెప్పింది. ఆదివారమే పరీక్ష. నేనేమో చేతులు గిరగిరా తిప్పేసి, సగం దూరానికే రొప్పుతూ, పక్కన నీళ్లమీద కట్టిన తాడు పట్టుకునేదాన్ని. నాకంటే చిన్నవాళ్లు దాటిపోతుంటే ఏడుపొచ్చేది.

నన్ను రోజూ తీసుకెళ్లేది మా చిన్నాయన, నాన్న తమ్ముడు. సాంచెల మీద రాత్రి పాళీ, అంటే షిఫ్టు, దిగి నేరుగా వచ్చి, కొలను మెట్ల మీద కూర్చుని కళ్లార్పకుండా చూసేవాడు. ఒకరోజు ఇంటికి రాగానే నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చేతిలో ఖాళీ కండె పెట్టాడు. మగ్గంలో నూలు చుట్టే జానెడు కర్ర అది; దాన్ని మోస్తూ పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తేదే నాడె.

"నీ చేతులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నయి బిడ్డా. నాడె అవతలికి చేరకముందే సాంచె కొడితే ఏమైతది?"

"పోగులు తెగుతయి."

"గంతే. కండె ముంగట పట్టుకో. ఒక చెయ్యి తిరిగొచ్చి దాన్ని అందుకున్నంకనే రెండోది కదలాలె. జర ఆగుడు నేర్చుకో."

"బల్ల మీద ఈతేంది?" అని అమ్మ పడీపడీ నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చినా మానలేదు. మర్నాడు కండెతోనే నీళ్లలో దిగాను. మొదట కాళ్లు మునిగిపోయాయి. వాటిని ఆపకుండా ఆడించాలని అప్పుడు తెలిసింది. చెయ్యి ముందు చాచి ఆగితే ఒళ్లు దానంతటదే సాగింది, పక్కకు తిరిగి ఊపిరి తీసుకునే తీరిక దొరికింది.

ఆదివారం కండె లేకుండా ఈదాను. సగానికి రాగానే పాత తొందర పట్టుకుంది, ఒక గుక్క నీళ్లు మింగాను. తాడు పక్కనే ఉంది. పట్టుకోలేదు. చెయ్యి చాచి, రెండోది వచ్చేదాకా ఆగాను. అలా ఒక్కొక్కటే వేస్తూ గట్టు తాకాను. ఎంత సంతోషమో!

ఎవరు నేర్పారని టీచరమ్మ అడిగితే చిన్నాయనను చూపించాను. ఆయన సిగ్గుపడి, తనకు ఈతే రాదని, మోకాలి లోతు నీళ్లన్నా భయమేనని హిందీలో చెప్పాడు. నేను నోరెళ్లబెట్టాను.

"ముందే ఎందుకు చెప్పలె చిన్నాయనా?"

"చెప్తే నా మాట ఇంటుంటివా?"

నిజమే, వినేదాన్ని కాదు. ఆయన నిద్ర మానుకుని అన్ని రోజులు నా చేతులనే చూశాడు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. మనవరాలు ఏదైనా రాక విసుక్కుంటే వెంటనే సలహా ఇవ్వను. ముందు వెళ్లి తన పక్కన కూర్చుని చూస్తాను.