మిట్టమధ్యాహ్నపు అరుంధతి

పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఎండను మించిన శత్రువు లేదు. ముహూర్తాలు పెట్టే పంతుళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు. సరిగ్గా సూర్యుడు నెత్తి మీదకు వచ్చాకే ఆరుబయట పనులన్నీ పెట్టుకుంటారు. షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతు దగ్గర ఉంచితేనే మనుషుల నడక మన కంటికి కనిపించినట్టు మెత్తగా వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం అలా ఉంచి చూడండి, తెర మీద తెలుపు తప్ప ఏమీ మిగలదు. పోనీ షట్టర్ వేగం పెంచుదామా అంటే మనుషులు కీలుబొమ్మల్లా అదురుతారు. అందుకే లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తాం. కెమెరాకు నల్ల కళ్లజోడు పెట్టినట్టే. తిప్పేకొద్దీ నల్లబడుతుంది. మా ఆయన దాన్ని నల్లద్దం అనేవాడు, నేనూ అదే అంటాను.

ఆయన పోయాక జనగామలో స్టూడియో మూసెయ్యమన్నారు అందరూ. మూసేసి ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకు ఒళ్లు మండి కెమెరా భుజాన వేసుకున్నాను. భర్త లేని ఆడది పెళ్లిలో ముందుకు రాకూడదంటారు గానీ, చేతిలో కెమెరా ఉంటే పీటల పక్కనే నిలబడినా ఎవరూ ఏమనరు. కుంకుమ పళ్లెం మాత్రం నా ముందు ఆగకుండా పోతుంది. రోజంతా ఊరందరి నవ్వులూ తీసి ఇంటికొచ్చి తాళం తీస్తే, లోపల లైటు నేనే వేసుకోవాలి. అలవాటైపోయిందని అందరితో అంటుంటాను. కాలేదు.

పోయిన ఎండాకాలం భూపాలపల్లి వైపు, రేగొండ దగ్గర ఒక పల్లెలో పెళ్లి ఒప్పుకున్నాను. పెళ్లికూతురికి తండ్రి లేడు. కన్యాదానానికి బాబాయి, పిన్ని కూర్చుంటున్నారు. నన్ను మాట్లాడుకున్నది ఆ బాబాయే. ఆయన కోరికలు రెండు. ఆకాశం నీలంగా రావాలి, పిల్ల తెల్లగా రావాలి. ఒకే ఎండలో రెండూ కుదరవని చెప్పి చూశాను. మరి సినిమాల్లో ఎట్లా కుదురుతుందని నన్నే నిలదీశాడు.

పొద్దున పూలజడ వెయ్యడం తీస్తుంటే, పెళ్లికూతురు అందరినీ ఏదో పని చెప్పి బయటకు పంపేసి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా అమ్మ ముంగటికి రాదు. ఎంత బతిమాలినా వింటలేదు. ఏడున్నా జర తియ్యి. నా పెండ్లిల మా అమ్మ లేకుంట ఉండొద్దు."

తీస్తానన్నాను. మాటైతే ఇచ్చాను గానీ, ఆ అమ్మ దొరికితే కదా! వంటల దగ్గర ఉందంటే నేను పోయేసరికి ఉండదు. కెమెరా కనిపిస్తే కొంగు అడ్డం పెట్టుకుని గదిలోకి జారుకుంటుంది. తాళి కట్టేటప్పుడు కూడా పందిట్లోకి రాలేదు. తలంబ్రాల మధ్యలో ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. లేదన్నట్టు తలూపాను.

ఆ తర్వాత అరుంధతి నక్షత్రం చూపించడానికి పంతులు ఇద్దరినీ వాకిట్లోకి తీసుకొచ్చాడు. చుట్టాలంతా మూగారు. నల్లద్దాన్ని చివరిదాకా తిప్పాను. ఇంటి కప్పు పైన ఆకాశం బాబాయి కోరినంత నీలంగా దిగింది. పట్టుచీర ఎరుపు నిండుగా వచ్చింది. ఆ రోజు మొత్తంలో అంత చక్కటి ఫ్రేము పడలేదు. జంట వెనకాల ఇంటి దర్వాజ మాత్రం బొగ్గు పూసినట్టు నల్లగా ఉంది. ఆ నలుపులో ఏదో కదిలింది.

తెర మీంచి తలెత్తి మామూలు కంటితో చూశాను. తల్లే. గడపకు లోపల నిలబడి కూతురినే చూస్తోంది. ఇప్పుడందరూ పైకి చూస్తారు, తనను ఎవరూ చూడరన్న ధైర్యంతో వచ్చినట్టుంది.

నా దగ్గర ఉన్నది ఒక్క కెమెరా. ఎండకు సరిచేస్తే ఆమె చీకట్లో మునిగిపోతుంది. ఆమెకు సరిచేస్తే జంట, పంతులు, ఆకాశం అంతా తెల్లగా కాలిపోతుంది. అలా కాలిపోయిన బొమ్మను ఎడిటింగ్‌లో ఎంత లాగినా ఏమీ రాదు. ఇంకోసారి చూపించమని పంతుల్ని అడగొచ్చు, వీడియోవాళ్లందరం అడిగేదే. కానీ ఆమె ఇంకోసారి నిలబడదు. పంతులు చెయ్యి పైకెత్తాడు. నేను నల్లద్దాన్ని వెనక్కి తిప్పేశాను.

తెర మీద పెళ్లి మొత్తం తెల్లబడిపోయింది. దర్వాజలో ఆమె మెల్లగా తేలింది. జరీ లేని చీర, బోసి నుదురు, తడి కళ్లు. అదిగో, తన వేలి కొసకు చూడమన్నాడు పంతులు. పెళ్లికూతురు చూసింది, పెళ్లికొడుకు చూశాడు, కనిపించింది కనిపించింది అన్నారు చుట్టాలు. లోపల ఆమె కూడా తల పైకెత్తింది. అక్కడ పైన ఉన్నవి దూలాలు, పెంకులు. అయినా కళ్లు చికిలించి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, కనిపించినట్టే తలాడించింది. కెమెరా వెనక నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు, నన్ను మాత్రం చూసేవాళ్లెవరు?

వీడియో ఇచ్చాక బాబాయి ఫోన్ చేసి కడిగిపారేశాడు. ఆకాశమే లేదట, పిల్ల మొహం సున్నం కొట్టిన గోడలా ఉందట, ఆ ముక్క తీసేసి ఇవ్వాలట. పిల్ల తెల్లగా రావాలన్నది మీరే కదా అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ ముక్క నేను తియ్యలేదు.

కొన్నాళ్లకు పెళ్లికూతురు మహబూబాబాద్‌లోని అత్తగారింటి నుంచి ఫోన్ చేసింది. స్టూడియోలో ఒక్కదాన్నే కూర్చుని అన్నం తింటున్నాను. రోజూ ఆ ముక్కే చూస్తున్నానని చెప్పి, అడిగింది.

"అక్కా, ఇంట్ల నిలవడితే అమ్మకు అరుంధతి ఎట్ల కనిపిస్తది?"

"మీ అందరికి ఎంత కనిపించిందో, ఆమెకు గూడ గంతే కనిపించింది చెల్లే."

నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా వింటూ కూర్చున్నాను.