రెండు వేళ్ల కొసరు

పామర్రులో బట్టల కొట్టు చౌడయ్య గుడ్డ కొలిస్తే, మీటరు బద్ద చివర బొటనవేలు పెట్టి, ఇంకో రెండు వేళ్ల మేర జరిపిగానీ కత్తెర వెయ్యడు. నలభై ఏళ్ల అలవాటది. అరవై దాటాక, కంప్యూటరు చెప్పినట్టు చెక్క చెక్కే చిన్న మిషను తెప్పించి, కొట్టు వెనక గదిలో బల్ల మీద బిగించి, పసుపు రాసి బొట్టు పెట్టాడు. నాన్న నేసిన మగ్గంలో మిగిలింది ఒకే ఒక్క టేకు పలక. మగ్గం మీద నూలు అటూ ఇటూ దాటిస్తూ నాన్న చేతిలో ఆడిన నాడె అందులో ఒదిగేలా గుంత తీయడమే మొదటి పని. పలక మందం పన్నెండు మిల్లీమీటర్లు, గుంతకి పది చాలు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పది అని కొట్టాడు. బొటాబొటీగా ఇవ్వడానికి మనసొప్పక పన్నెండు చేశాడు. మిషను పొట్టు చిమ్ముతూ బుద్ధిగా చెప్పినంతా చెక్కింది. పలక ఎత్తి నాడె పెడితే, అది అవతలికి జారి కింద పడింది.

భార్య సుబ్బరత్నం నాడె తీసి పవిటతో తుడిచింది. "ఏవండీ, దీనిక్కూడా కొసరు వేశారా?"

"గుడ్డలో కొసరంటే ఇచ్చేదేనే. చెక్కలో తీసేదని తట్టలేదు," అన్నాడు చౌడయ్య.

ఇంతలో కొట్లోంచి ఎవరో లైనింగు గుడ్డ రెండు మీటర్లు అడిగారు. వెళ్లి కొలిచాడు. బొటనవేలు సరిగ్గా బద్ద చివర ఒక్క క్షణం ఆగింది. తర్వాత, ఎప్పట్లాగే, రెండు వేళ్లు జరిగింది.