పైట పిన్నీసులు

శ్రీకాకుళం నుంచి ఐటీ ఉద్యోగానికి వచ్చి సీతాఫల్‌మండిలో అద్దెకుంటున్న రోజులవి. ఇంటి ఓనరుగారి అమ్మాయి సరిత పెళ్లికి, ఆమెను, వాళ్లమ్మను బొల్లారంలోని ఫంక్షన్‌హాలుకు నా కొత్త కారులో నేనే తీసుకెళ్తానని గొప్పగా చెప్పాను.

సగం దారిలో కారు కింద బరబరమని చప్పుడు. దిగి చూస్తే ఇంజను అడుగున ఉండే ప్లాస్టిక్ పలక క్లిప్పులు ఊడి, రోడ్డుకు రాసుకుంటోంది. ఎదురుగా ఉన్న స్పేర్‌పార్ట్స్ షాపుకు పరిగెత్తాను.

"ఈ మోడల్ క్లిప్పులు రేపొస్తయి సార్" అన్నాడు షాపతను.

ముహూర్తం దగ్గరపడుతోంది. పలకను బిగించడానికి పిన్నీసులేమైనా ఉన్నాయా అని అడిగాను. సరిత వాళ్లమ్మ గాజులకున్న పిన్నీసులన్నీ తీసిచ్చింది. అవి చాలలేదు. సరిత చటుక్కున తన పైటకున్నవి కూడా లాగేసింది.

"ఏందే, గిట్ల జేస్తున్నవ్!" వాళ్లమ్మ లబోదిబోమంది.

"ముహూర్తం తప్పితే మంచిగుంటదా అమ్మా? అన్నా, నువ్వు పరేషాన్ గాకు. ఇవి పెట్టు."

కారు కిందికి దూరి, క్లిప్పుల రంధ్రాల్లో పిన్నీసులు గుచ్చి, మెల్లగా నడిపాను. హాలు దగ్గర దిగీ దిగగానే పెళ్లికూతుర్ని పీటల మీదికి లాక్కెళ్లారు.

పెళ్లి ఫొటోలో సరిత ఒక్కచేత్తోనే తలంబ్రాలు పోస్తుంటుంది. రెండో చెయ్యి పైట మీద ఉంటుంది. చూసినవాళ్లంతా సిగ్గనుకుంటారు. నేను మాత్రం ఆ చేతికి మనసులోనే దండం పెట్టుకుంటాను.